రెండో నంబరు కోటు

కుట్టుమిషను ఉన్న చిన్న గది. మధ్యాహ్నం మూడు గంటలు. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన తల్లి, హోటల్ డ్యూటీకి తయారవుతున్న కూతురు.

"అలా కాదమ్మా, సరిగ్గా చెప్పు. పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి టీ తాగుతున్నావు?"

"గంటకి."

"గోడ గడియారం ప్రకారం గంటా, నీ లెక్క ప్రకారం గంటా?"

"నాకు వేరే లెక్క ఎక్కడిదే? గడియారం చూశాకే గిన్నె పొయ్యి మీద పెడతాను. అంత గట్టిగా అరవకు. గొంతు కోశారు గానీ చెవులు కోయలేదు నాకు."

"అరవట్లేదు, అడుగుతున్నాను. టీలో చక్కెర వేసుకోవట్లేదుగా?"

"చక్కెర మొహం చూసి ఎన్నాళ్ళైందని? చక్కెర బదులు తీపి బిళ్ళే వేసుకుంటున్నాను. నువ్వు తెచ్చిన డబ్బాలోదే. అదీ ఈ మధ్య తొందరగా అయిపోతోంది."

"సరే, అది వదిలెయ్. డాక్టరు ఏమన్నాడో అన్నది అన్నట్టు చెప్పు."

"చెప్పాను గదా."

"మళ్ళీ చెప్పు."

"రిపోర్టు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. 'అమ్మా, రెండుసార్లు డోసు పెంచాను. అయినా నెలనెలా దిగజారుతూనే ఉన్నావు. మాత్రలు మింగుతున్నావా, పారేస్తున్నావా?' అన్నాడు. పక్కన చదువుకునే పిల్ల డాక్టర్లు ఇద్దరు. వాళ్ళ ముందు."

"నువ్వేమన్నావు?"

"గ్రంథి మొత్తం తీసేశాం, ఇక బతికినంతకాలం ఈ మాత్రే నీకు గ్రంథి అని చెప్పింది మీరే కదయ్యా, చేజేతులా పారేసుకుంటానా అన్నాను. ఆపరేషనై పదమూడు నెలలు, ఒక్క పొద్దు మానలేదు అన్నాను."

"నమ్మాడా?"

"తల ఊపాడు. నమ్మిన ఊపు కాదు అది."

"అయితే ఐరనే అమ్మా. ఐరన్ మాత్ర, థైరాయిడ్ మాత్ర నువ్వు కలిపి మింగుతున్నావు. అదే జరుగుతోంది. ఐరన్ తోడుంటే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదని నర్సు ఎన్నిసార్లు చెప్పింది!"

"కలిపి ఎక్కడ మింగానే? థైరాయిడ్ ది తెల్లారి ఇంట్లో. ఐరన్ ది మధ్యాహ్నం వర్క్‌షాపులో, తిండి గంట కొట్టాక. కావాలంటే మా కటింగ్ మాస్టర్ని అడుగు. ఆయనకి నంబర్ల పిచ్చి. గుడ్డ ముక్క కోస్తే చాలు, దాని వెనక పెన్సిల్‌తో సైజు నంబరు వేస్తేగానీ ఊరుకోడు. నా మందుల డబ్బా మీద కూడా వేశాడు, పన్నెండున్నర అని. 'అక్కా, ఇనుప గుండు మింగావా' అని రోజూ అందరి ముందూ అరుస్తాడు."

"ఎప్పుడో ఒకరోజు మర్చిపోయి రెండూ కలిపి..."

"ఒకరోజుకి ఇంత అవుతుందా?"

"ఏమో. నేనేం డాక్టర్నా? అసలు నీకు ఐరన్ ఎందుకు తగ్గుతోంది, అది చెప్పు ముందు. అన్నం మానేశాం, రొట్టె మానేశాం, బంగాళాదుంప మానేశాం. ఇంట్లో ఇక మిగిలింది మాంసం, లివరు, గుడ్లు, ఆకుకూర. అంతా ఇనుమే. ఇద్దరం ఒకే గిన్నెలోది తింటున్నాం. నా రక్తం పదమూడు, నీది ఏడు. అదెలా?"

"వయసు."

"నలభై ఆరుకే?"

"పైగా నెలనెలా పోయేది పోతూనే ఉంది. పదేసి రోజులు. డాక్టరు అదీ థైరాయిడ్ తక్కువైతే వచ్చే తిప్పలే అన్నాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది నా పని. వదిలెయ్. నీకు టైమవుతోందా?"

"నాలుగున్నరకి డ్యూటీ. ఇంకా ఉంది. నీ వేలికి ఆ కట్టేమిటి?"

"ఏం లేదు."

"అమ్మా."

"నిన్న మిషను మీద నిద్రపోయాను."

"మిషను మీదా?"

"కాలు తొక్కుతూనే ఉందట. సూది గోరులోంచి దిగింది. పక్క మిషను ఆవిడ కేకేసేదాకా నాకు తెలీదు. ఇరవై నాలుగేళ్ళుగా కుడుతున్నాను, గోరుకి సూది తగలడం ఎప్పుడూ లేదు. నొప్పి పుట్టలేదే గుమ్మడీ. అందుకే భయమేసింది. రక్తం చూశాక గానీ అది నా వేలని తెలీలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వేం చేస్తావు, నీ వేలిస్తావా? అది చూసే డాక్టరుకి కోపమొచ్చింది. 'ఇంకో నెల ఇలాగే నడిస్తే ఏదో ఒకరోజు నిద్రపోయి ఇక లేవవు. ఒళ్ళు చల్లబడుతుంది, గుండె నెమ్మదిస్తుంది, అంతే' అన్నాడు. అంత తేలిగ్గా అన్నాడు. బస్సులో వస్తుంటే నిద్ర ముంచుకొచ్చింది. పడుకోవడానికి భయమేసి నిలబడే వచ్చాను, సీటున్నా."

"అలా మాట్లాడకు."

"నేనా అన్నది? ఆయన. సరే, ఇలా కూర్చో. ఆ స్టూలు లాక్కో. ఒక కాగితం రాయాలి."

"ఇప్పుడా?"

"పది నిమిషాల పని. నా వేళ్ళు వంగట్లేదు, పెన్ను పట్టలేను. రేపు పొద్దున్నే డాక్టరుకి ఇవ్వాలి. ఆయన మందుల ఇన్‌స్పెక్టరుకి పంపుతానన్నాడు."

"ఇన్‌స్పెక్టరుకా? ఏం కాగితం?"

"మన వీధి చివర మందుల షాపు తాత మీద."

"తాత మీదా! తాతేం చేశాడు?"

"డాక్టరు సీసా ఏదీ అన్నాడు. సంచిలోనే ఉంది, ఇచ్చాను. కాగితం మీద వంపాడు. తెల్లవే అన్నీ. చిన్నవే అన్నీ. నాకు ఎప్పుడూ ఒకటిగానే కనబడ్డాయి, ఈ కళ్ళద్దాలకి అంతకంటే ఏం కనబడుతుంది? ఆ పొట్టి నర్సు లేదూ, ఆవిడ భూతద్దం తెచ్చి వేలితో వేరు చేసింది. కొన్నిటి మీద గీత ఉంది, కొన్నిటి మీద లేదు. గీత లేనిది ఒకటి నాలిక మీద పెట్టుకుని తుప్పున ఉమ్మింది. తియ్యగా ఉందట. వింటున్నావా?"

"వింటున్నాను."

"సగానికి సగం తీపి బిళ్ళలు. టీలో వేసుకునేవి. నాకూ ఒక్కోరోజు నాలిక మీద తీపి తగిలేది. కంపెనీ వాళ్ళు పైన ఏదో పూత పూస్తున్నారు కాబోలు, పోనీలే పాపం, రోగులకి ఇంత తీపి పెడుతున్నారు అనుకున్నాను. నా తెలివి చూడు."

"తాతకి తెలిసుండదు. పైనుంచే అలా వచ్చుంటాయి."

"సీలు వేసిన సీసాలో పైనుంచి ఎలా వస్తాయే? సీలు విప్పి తాతే కలిపుంటాడు అన్నాడు డాక్టరు. సగం మందు దాచుకుని ఇంకెవరికో అమ్ముకుంటున్నాడు అన్నాడు. ఈ మాత్రలకి బయట గిరాకీ ఉందట. ఒళ్ళు తగ్గాలని పిల్లలు మింగుతున్నారట. అలా చూస్తావేం? పెన్ను తీసుకో."

"నన్నెందుకు చూస్తున్నావు అలా? నేనేం చేశాను?"

"నిన్ను ఎవరేమన్నారే? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటావేం? రాయి. అయ్యా."

"అయ్యా."

"నేను యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో పని చేస్తాను. పదమూడు నెలల క్రితం నాకు గొంతులో గ్రంథి తీసేశారు. రాశావా?"

"తీసేశారు. రాశాను."

"అప్పటినుంచి మందులన్నీ మా వీధి చివర షాపులోనే కొంటున్నాను."

"కొంటున్నాను."

"ఆ షాపు ముసలాయన నా మందులో తీపి బిళ్ళలు కలిపి నన్ను మోసం చేశాడు. రాశావా?"

"అమ్మా, తాత అలాంటి పని చెయ్యడు."

"చెయ్యకపోతే ఎవరు చేశారు?"

"ఏమో."

"ఏమో అని కాగితంలో రాయకూడదు. ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడు."

"షాపు మూసేస్తారా?"

"తాళం వేస్తారు. తాతని స్టేషనుకి తీసుకెళ్తారు. డెబ్భై మూడేళ్ళు ఆయనకి. నా ఆపరేషనప్పుడు మోకాళ్ళ నొప్పులతో మూడంతస్తులు ఎక్కి మందులు ఇచ్చి వెళ్ళాడు. నువ్వు చిన్నప్పుడు ఇంజెక్షనుకి ఏడిస్తే ఖాళీ సీసా మూతలు దోసిట్లో పోసేవాడు, బొమ్మలాట ఆడుకోమని. గుర్తుందా?"

"గుర్తుంది."

"అలాంటి మనిషి మోసం చేశాడంటే రాయాలి మరి. రాయి. మోసం చేశాడు. నీ చెయ్యి వణుకుతోంది."

"పెన్ను బాలేదు."

"పెన్ను ఎక్కడైనా వణుకుతుందా? నేనూ చూస్తూనే ఉన్నాను కొన్నాళ్ళుగా. ఫ్యాను కింద కూర్చుని చెమటలు కక్కుతావు. నేను ఎండాకాలంలో స్వెట్టరు వేసుకుని వణుకుతాను. నువ్వు తెల్లారుజామున మూడింటికే లేచి ఇల్లంతా తిరుగుతావు. నేను పట్టపగలు మిషను మీద పడి నిద్రపోతాను. ఒకే ఇల్లు, ఒకే గిన్నె. ఇలా ఎలా జరుగుతుందా అని బస్సులో నిలబడి అదే ఆలోచించాను. దిగాల్సిన స్టాపు కూడా దాటిపోయాను."

"అమ్మా..."

"ఆ కాగితం మీద నువ్వు ఏ పేరు రాసినా రేపు నేను వేలిముద్ర వేస్తాను. ఎవరి పేరు రాయాలో నువ్వే చూసుకో."

"నేనే."

"ఏమిటి నువ్వే?"

"నేనే తీశాను. తాత కాదు. నేనే."

"తలుపు గడియ పెట్టు."

"పెట్టాను."

"కూర్చో. ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిది నెలల నుంచి. ఉద్యోగంలో చేరకముందు నుంచి. పూర్తిగా తీయలేదమ్మా. ఒట్టు. సగం నీకు వదిలేదాన్ని. సీసా కొన్నరోజే సగం తీసి, వాటి బదులు తీపి బిళ్ళలు కలిపి పెట్టేదాన్ని. నీకు మంచి మాత్ర ఒకరోజు పడితే, ఒకరోజు పడదు. అంతే అనుకున్నాను. సగమైనా పడుతోంది కదా, డోసు పెంచాడు కదా, సరిపోతుందనుకున్నాను."

"నాకు డోసు పెంచితే నీకూ పెరిగింది."

"పెరిగింది."

"రెండుసార్లు."

"రెండుసార్లు. రెండోసారి పెంచాక గుండె దడ మొదలైంది. మెట్లెక్కితే చెవుల్లో వినబడుతుంది. ఆపేద్దామనుకున్నాను. రోజూ అనుకున్నాను."

"చెయ్యి ఇలా ఇవ్వు. ఇవ్వవే. అయ్యో, మిషను తొక్కినట్టు కొట్టుకుంటోంది! కూర్చునే ఉన్నావు గదా. నెలసరి వస్తోందా?"

"మూడు నెలలుగా లేదు."

"వేరే ఏమైనా..."

"ఛ, అది కాదమ్మా. అలాంటిదేమీ లేదు."

"నాకేమో ఆగట్లేదు, నీకేమో రావట్లేదు. బాగుంది మన కాపురం. ఎవరు చెప్పారు నీకీ తెలివి?"

"నాతో పాటు ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయి. వాళ్ళ పిన్ని మాత్రలు తీసి మింగిందట. ఇంట్లో ఉన్నవే గదా అంది. నీ సీసా ఆ అలమరలోనే ఉంది. ఎదురుగా."

"నా ప్రాణం ఆ సీసాలో ఉందని తెలుసుగా నీకు?"

"తెలుసు. ఇంతలా అని తెలీదు. తిట్టమ్మా. కొట్టు. నీ మెళ్ళో కొలతల టేపు తీసుకుని కొట్టు."

"టేపు తీస్తే మెడ మీద గాటు కనబడుతుందే. అందుకే గదా ఎప్పుడూ మెళ్ళో వేసుకుంటాను. ఎందుకు చేశావో చెప్పు. నా కళ్ళల్లోకి చూసి చెప్పు."

"ఎందుకో నీకు తెలీదా? కోటు కోసం. హోటల్ వాళ్ళు ఏమన్నారు? రిసెప్షన్‌లో నిలబడే అమ్మాయిలకి రెండు సైజులే, ఒకటో నంబరు, రెండో నంబరు. రెండో నంబరు పడితే ముందు కౌంటరు. పడకపోతే వెనక లాండ్రీ గది, దుప్పట్లు మడతపెట్టే పని. నెల టైమిచ్చారు. ఆ కోట్లు కుట్టేదేమో మీ వర్క్‌షాపు. నా అమ్మ తన చేత్తో వందల కోట్లు కుట్టింది, అందులో ఒక్కటి నాకు పట్టలేదు. గుండీకీ కాజాకీ మధ్య నాలుగు వేళ్ళు ఎడం. నువ్వే వేళ్ళు పెట్టి చూశావు."

"చూశాను."

"గుమ్మడి అని పేరు పెట్టింది కూడా నువ్వే."

"ముద్దుకి పెట్టానే. పుట్టినప్పుడు అంత గుండ్రంగా, అంత ముద్దుగా ఉన్నావని."

"ముద్దుకే. స్కూల్లో కూడా అందరూ ముద్దుకే పిలిచారు. తర్వాత నువ్వే అన్నావు, అన్నం మానేద్దాం, నాకూ ఆపరేషను తర్వాత ఒళ్ళొచ్చింది, ఇద్దరం కలిసి మానేద్దాం అని. మానేశాం. ఇరవై రోజులు. గుడ్లు, దోసకాయ, మాంసం. రొట్టెల దుకాణం ముందునుంచి వెళ్తే ఊపిరి బిగపట్టేదాన్ని. ఇరవయ్యో రోజు కోటు వేసి చూశావు. గుర్తుందా?"

"గుర్తుంది. రెండు వేళ్ళు తగ్గింది, ఇంకా రెండు వేళ్ళు మిగిలింది."

"'పర్లేదు, పది రోజులుంది' అన్నావు. పది రోజుల్లో ఏమవుతుంది?"

"స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చావు."

"విన్నావా?"

"చెవులు కోయలేదని చెప్పానుగా."

"నువ్వు విన్నావని తెలీదు. ఆ మర్నాడంతా ఊరికే గోడకేసి చూస్తూ కూర్చున్నాను. మూడోరోజు, ఇరవై రెండో రోజు అది, నువ్వు వర్క్‌షాపుకి వెళ్ళాక మొదటి మాత్ర మింగాను. మింగి అద్దం ముందు నిలబడ్డాను పిచ్చిదానిలా, అప్పుడే ఏదో జరుగుతుందని."

"ఇరవై రెండో రోజు."

"అవును. ముప్పయ్యో రోజు నువ్వు కోటు తెచ్చి వేశావు. గుండీ పడింది. నువ్వే పెట్టావు గుండీ. నువ్వే అన్నావు, చూశావా, పట్టింది అని. నన్ను పట్టుకుని నవ్వావు."

"నవ్వాను."

"ఎనిమిది రోజులమ్మా! ఇరవై రోజులు కడుపు మాడ్చుకుంటే తగ్గింది రెండు వేళ్ళు. మాత్ర మింగితే ఎనిమిదే ఎనిమిది రోజుల్లో రెండు వేళ్ళు. అది చూశాక ఎవరైనా ఆపుతారా? ఆపితే మళ్ళీ పాత ఒళ్ళే. ప్రతిరోజూ కోటు వేసుకునేటప్పుడు గుండీ పడుతుందా పడదా అని చచ్చేదాన్ని. పడితే, అమ్మయ్య, ఈ రోజుకి మాత్ర కాపాడింది అనుకునేదాన్ని. నీ మొహం ఉబ్బడం కనబడుతూనే ఉంది. నీ జుట్టు దువ్వెన నిండా రావడం కనబడుతూనే ఉంది. చూసి కూడా మింగాను. నేను మంచిదాన్ని కాదు."

"నోరు ముయ్యి. ఆ మాట అనకు."

"నిజమే కదా!"

"నిజం నేనూ ఒకటి చెప్పాలి. ఐరన్ ఎందుకు తగ్గిందని అడిగావుగా? వయసూ కాదు, ఏమీ కాదు. ఈ ఎనిమిది నెలల్లో లివరు ముక్క నా నోట్లోకి పోయింది లేదు. నాకు వర్క్‌షాపులో పెట్టారు, తినేశాను అని చెప్పి నీ కంచంలోకి తోసేదాన్ని. అన్నం లేకుండా పిల్ల ఎలా నిలబడుతుంది, ఎనిమిది గంటలు కౌంటరు దగ్గర అని. నేను దోసకాయ తిని నీళ్ళు తాగేదాన్ని."

"నేను నీ మందు తింటుంటే నువ్వు నీ తిండి కూడా నాకే పెట్టావా?"

"తెలిసి పెట్టానా ఏమిటి?"

"అమ్మా, నాకు చచ్చిపోవాలనుంది."

"ముందు నా వంతు. డాక్టరు నాకిచ్చాడు ఆ టైము, నీకు కాదు. ఏడవకు. ఏడిస్తే నీ గుండె ఇంకా కొట్టుకుంటుంది. నాకు కోపంగా ఉందే. ఒళ్ళంతా మండిపోయేంత కోపం. ఈ చల్లటి ఒంట్లో ఇంత మంట ఎక్కడ మిగిలిందో తెలీదు. అది నీ ఒక్కదాని మీదే అయితే ఎంత బాగుండేది!"

"ఇంకెవరి మీద?"

"ఆ కాగితం చింపెయ్ ముందు."

"చింపాను."

"రేపు పొద్దున ఇద్దరం కలిసి వెళ్దాం. మాత్రలు మా ఇంట్లోనే పోయాయి, తాత తప్పేమీ లేదు అని నేను చెబుతాను. నీ గుండె కూడా చూపిద్దాం. ఉన్నపళంగా మానెయ్యొచ్చో, ఏం చెయ్యాలో ఆయనే చెబుతాడు. ఈ రోజు నుంచి సీసా నా దగ్గరే ఉంటుంది."

"సరే. కానీ..."

"ఇంకా కానీ ఏమిటే?"

"మాత్రలు మానేస్తే ఒళ్ళు మళ్ళీ వస్తుంది కదా. కోటు పట్టదు. పట్టకపోతే లాండ్రీ గదికి పంపించేస్తారు. నీకేమో ఇప్పట్లో మిషను ఎక్కే ఓపిక లేదు. ఇద్దరం ఏం తింటాం?"

"ఇంత జరిగాక కూడా కోటు గురించేనా?"

"ఆ కోటు మీదే గదా నిలబడింది ఇల్లు! నీకు తెలీదమ్మా, ఆ రెండో నంబరు వేసుకుని అద్దాల తలుపు పక్కన నిలబడితే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నన్నెవరూ వింతగా చూడలేదు. దానికోసమే ఇదంతా."

"కోటు ఎక్కడుంది?"

"అదిగో, మేకుకి."

"తీసుకురా. ఆ డబ్బాలో కుట్లు విప్పే బ్లేడుంది, అది కూడా తే."

"ఎందుకు?"

"లైనింగు విప్పు."

"నాలుగున్నరకి డ్యూటీ అమ్మా! ఇది వేసుకునే వెళ్ళాలి!"

"ఈ రోజు వెళ్ళవు. విప్పమన్నానా? వీపు మధ్యలో, కాలరు కింద. నా చెయ్యి పనిచేస్తే నేనే విప్పేదాన్ని. గుడ్డ కోయకు, కుట్టు మాత్రమే తెంపు. జాగ్రత్త."

"విప్పాను. ఏముంటుంది ఇక్కడ?"

"వీపు ముక్క వెనకవైపు చూడు."

"ఏదో పెన్సిల్ గీత."

"గీత కాదు. మాస్టరు వేసిన సైజు నంబరు. వెలుతురులో పెట్టి చదువు."

"లేబుల్ మీద రెండు అని ఉంది కదా."

"లేబుల్ నేను వేరే కోటుది విప్పి దీనికి కుట్టాను. గుడ్డ మీద ఎంతుందో చదువు."

"నాలుగు. నాలుగు అని ఉందమ్మా. హోటల్ వాళ్ళు నాలుగో నంబరు ఆర్డరే ఇవ్వరు కదా? ఇది ఎక్కడిది? ముప్పయ్యో రోజు నువ్వు నాకు వేసింది ఇదేనా?"

"ఇదే. నీ ఒక్కదాని కోసం మాస్టరు కాళ్ళావేళ్ళా పడి కోయించాను. రెండో నంబరు నీకు ఆ రోజూ పట్టలేదు, ఈ రోజు వరకూ పట్టిందో లేదో నాకూ తెలీదు."

"ఎప్పుడు కుట్టావు?"

"నువ్వు కుళాయి తిప్పుకుని ఏడ్చిన మర్నాడే. ఇరవై ఒకటో రోజు సాయంత్రానికే కుట్టడం అయిపోయింది. అప్పుడే ఇస్తే నమ్మవని, నెల నిండేదాకా ఈ మిషను కింద దాచిపెట్టాను."